మరుగుపడిన దోషనివేదనములు: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునందు వాని పునర్విచారణ

1. ప్రస్తావన

తెలుగు గ్రంథములు సీసపు అక్షరములతో అచ్చయిన కాలమున తుదిపుటలలో తప్పొప్పుల పట్టిక యొకటి చేర్చుట వాడుకగా నుండెను. ఏ పుటలో, ఏ పంక్తిలో ఏ తప్పున్నదో, దానికి ఒప్పేదో అందు వరుసగా చూపెడివారు. పట్టికకు ఎక్కని తప్పులను శ్రద్ధగల పాఠకులు జాబుల మూలమున ప్రకాశకులకు తెలుపుచుండిరి. ఆ జాబును భద్రపఱచి మలికూర్పున తప్పు సవరించిన ప్రకాశకుడు పండితుల మన్నన పొందుచుండెను. జాబు పెట్టెలో పడి మరుగైనచో అదే తప్పు రెండవ కూర్పునను మూడవ కూర్పునను యథాతథముగా వెలువడుచుండెను. తప్పును కనిపెట్టినవాడు ఒకడుండియు, సవరింపగలవాడు మఱొకడుండియు, వారి నడుమ జాబు నిలిచిపోవుటయే ఇందలి చిక్కు.

నేడు పుస్తకము కూర్చుటకు, ఉత్తరము వ్రాయుటకు, లెక్కలు కట్టుటకు, వార్తలు చదువుటకు జనులు సాఫ్ట్‌వేరునే ఆశ్రయించుచున్నారు. అందులో ఓపెన్ సోర్స్ అనబడు తెగకు ప్రత్యేకస్థానము కలదు. ఈ తెగ సాఫ్ట్‌వేరుయొక్క మూలరచనను ఎవ్వరైనను చదువవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని పదిమందికి పంచవచ్చును. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెలును లోకమునకు తెలియజేసెను. ఓపెన్ సోర్స్ అను పేరు 1998లో వ్యాప్తిలోనికి వచ్చినది. ఈ సాఫ్ట్‌వేరులో దోషము కనబడినపుడు దానిని బహిరంగముగా నివేదించుటకును, ఆ నివేదనము ఏమైనదో ఎవ్వరైనను చూచుటకును వీలున్నది. అయినను లెక్కకు మిక్కిలి నివేదనములు సంవత్సరముల తరబడి జవాబులేక పడియున్నవి.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న ఆంధ్రులకు ఈ విషయము మిగుల అవసరమైనది. బళ్ళారిలోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను, యానాములోను తెలుగు చదువుటకు, వ్రాయుటకు, అచ్చువేయుటకు వెలలేని ఫాంటులును వెలలేని వ్రాతసాధనములును గొప్ప ఊతము. అందు ఒక ఒత్తు తప్పుగా పడిన, ఒక గుణింతము విడిపోయిన, దానిని గుర్తింపవలసినవారు తెలుగు చదువరులే. మఱొక భాషవానికి అది తప్పని తోచుటకే అవకాశము లేదు.

2. దోషము, దాని నివేదనము

సాఫ్ట్‌వేరు దోషమును ఆంగ్లేయులు పురుగు అను అర్థముగల బగ్ అను మాటతో వ్యవహరింతురు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్క్ 2 యంత్రములోని ఒక రిలేలో చిక్కిన చిమ్మెటను ఇంజనీర్లు దినచర్య పుస్తకములో అంటించిరి. మాట అప్పుడే పుట్టినదని పలువురు తలంచుట పొరపాటు. అంతకు పూర్వము 1878లోనే థామస్ ఎడిసన్ తన లేఖలలో యంత్రముల లోపములకు ఈ మాటను వాడియుండెను.

దోషనివేదనమనగా దోషమును గూర్చిన ఫిర్యాదు మాత్రము కాదు. మంచి నివేదనములో నాలుగు అంగములుండును. మొదటిది, ఏ సాఫ్ట్‌వేరు, ఏ కూర్పు, ఏ యంత్రముపై నడచుచున్నది అను వివరము. రెండవది, ఏమి చేసిన దోషము కనబడునో వరుసక్రమము. మూడవది, జరుగవలసినది ఏమి. నాలుగవది, వాస్తవముగా జరిగినది ఏమి. ఈ నాలుగింటిలో రెండవదే ప్రాణము. దోషమును తన యంత్రముపై మరల పుట్టింపలేని నిర్వాహకుడు రోగిని చూడకయే మందు వ్రాయవలసిన వైద్యునివంటివాడు.

నివేదనములను వరుససంఖ్యలతో భద్రపఱచుటకు ప్రత్యేకమైన పట్టికలు ఏర్పడినవి. డెబియన్ సంస్థవారి దోషపట్టికను ఇయన్ జాక్సన్ 1994లో నిర్మించెను. 1997లో ఆ సంస్థవారు అంగీకరించిన సామాజిక ఒడంబడికలో తమ దోషపట్టికను ఎల్లప్పుడును బహిరంగముగా నుంచెదమని మాట యిచ్చిరి. మొజిల్లావారి కొఱకు టెర్రీ వైస్‌మన్ 1998లో బగ్‌జిల్లాను రచించెను. 2008లో వెలసిన గిట్‌హబ్ వేలకొలది చిన్నప్రాజెక్టులకు ఇట్టి పట్టికలను సులభముగా సమకూర్చినది.

పట్టికలోని ప్రతి నివేదనమునకు ఒక స్థితి యుండును. కొత్తది, ధ్రువపడినది, వివరములు కావలసినది, మఱొకదానికి నకలైనది, సవరింపబడినది, సవరింపదలచనిది అని స్థితులు పలువిధములు. సవరింపదలచలేదని చెప్పుట కూడ ఒక జవాబే. ఏ స్థితియు మాఱక, ఏ మాటయు పలుకక పడియున్నదానినే ఇచ్చట మరుగుపడినదని గ్రహింపవలెను.

3. మరుగుపడుటకు కారణములు

నిర్వాహకుల సోమరితనమే కారణమని తలంచుట న్యాయము కాదు. ప్రపంచమంతయు వాడు సాఫ్ట్‌వేరును సైతము వేళ్ళపై లెక్కింపదగిన కొందఱే కాపాడుచుండుట వాస్తవము. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను గూఢలేఖన గ్రంథాలయమున హార్ట్‌బ్లీడ్ అను దోషము బయటపడినపుడు, ఇంటర్నెట్టులోని రహస్యసంభాషణలకు ఆధారమైన ఆ రచనపై పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడే యని లోకమునకు తెలిసినది. మిగిలినవారు తమ ఉద్యోగములు చూచుకొని తీరికవేళల పనిచేయువారు. లైసెన్సుపత్రములు సైతము ఈ సాఫ్ట్‌వేరుకు ఎట్టి హామీయు లేదని స్పష్టముగా చెప్పుచున్నవి. అనగా నివేదకునకు ఋణపడినవాడు ఎవ్వడును లేడు.

రెండవ కారణము నివేదనములోని కొఱత. పనిచేయుట లేదు అను రెండు మూడు మాటలతో ముగిసిన నివేదనమునకు నిర్వాహకుడు ఒక ప్రశ్న వేయును. నివేదకుడు అప్పటికే మఱొక సాధనమునకు మాఱియుండును. ప్రశ్నకు జవాబు రాదు. నివేదనము రెండువైపులకును చెందక నడుమ నిలిచిపోవును.

మూడవది, తప్పు వాకిట తట్టుట. డెబియన్‌వంటి పంపిణీసంస్థలు ఇతరులు రచించిన సాఫ్ట్‌వేరును మూటగట్టి పాఠకులకు అందించును. దోషము మూటకట్టుటలో నున్నచో పంపిణీదారునికి, మూలరచనలో నున్నచో మూలకర్తలకు తెలుపవలెను. లినక్స్ కెర్నెలు విషయమున ఈ భేదము మఱియు స్పష్టము. దాని బగ్‌జిల్లాలో వ్రాసిన నివేదనములను పెక్కు ఉపశాఖల నిర్వాహకులు చూడరని కెర్నెలు పత్రములే హెచ్చరించుచున్నవి.

నాలుగవది పట్టికల వలస. వికీమీడియావారు 2014లో బగ్‌జిల్లానుండి ఫాబ్రికేటరునకు మాఱిరి. పైథాన్ భాషవారు 2022లో గిట్‌హబ్‌నకు తమ పట్టికను తరలించిరి. ఇట్టి వలసలలో పాతనివేదనములను జాగ్రత్తగా మోసికొనిపోయినను, నివేదకుని పాతచిరునామా మాఱినచో అతనికి వార్త అందదు. పాతయూరి చిరునామాకు వచ్చిన ఉత్తరము తలుపుక్రింద పడియున్నట్లు ప్రశ్న అచ్చటనే యుండును.

అయిదవది కాలపరిమితి. ఉబుంటువారి లాంచ్‌ప్యాడునందు వివరములు చాలనిదిగా గుర్తింపబడిన నివేదనము 60 దినములు కదలిక లేకయున్నచో గడువుతీరినదిగా మూయబడుటకు ఏర్పాటు కలదు. గిట్‌హబ్‌లో వాడుకలోనున్న ఒక స్వయంచాలక సాధనము, ప్రత్యేకముగా మార్చుకొననిచో, 60 దినముల నిశ్శబ్దమును చూచి పాతబడినదని గుర్తువేసి, మఱి 7 దినములకు మూసివేయును. ఫెడోరావారు ఒక కూర్పును సుమారు 13 నెలలు పోషించి, ఆయువు తీరినపుడు ఆ కూర్పుపై మిగిలిన నివేదనములను మూయుదురు. దోషము మాత్రము తరువాతి కూర్పున జీవించియుండవచ్చును.

ఈ మూయుటపై వాదోపవాదములు పూర్వమే చెలరేగినవి. మొజిల్లా తొలి రచయితలలో ఒకడైన జేమీ జవిన్‌స్కీ 2003లో గ్నోమ్‌వారి పద్ధతిని తీవ్రముగా విమర్శించెను. పాతరచనను తుడిచి కొత్తది వ్రాయుటయు, పాతదానిపై వచ్చిన నివేదనములనన్నిటిని చదువకయే మూయుటయు అలవాటైనచో ఏ దోషమును నిజముగా సవరింపబడదని అతని వాదము. నిర్వాహకుల పక్షమునకును బలము లేకపోలేదు. పదివేల నివేదనములు తెఱచియున్న పట్టిక, ఆసనములకు మించి జనము నిండిన బండివంటిది. దిగవలసినవాడు ఎక్కడున్నాడో కండక్టరునకు కానరాదు.

4. రెండు ప్రసిద్ధోదాహరణములు

మొదటిది బీఎస్‌డీ వ్యవస్థలకు చెందినది. 2008లో ఓపెన్‌బీఎస్‌డీ రచయిత మార్క్ బామర్, సాంబా అను సాఫ్ట్‌వేరు ఒక సందర్భమున చెడుచున్నదన్న నివేదనమును వెంబడించెను. కారణము సాంబాలో లేదు. డైరెక్టరీలోని పేర్లను వరుసగా చదువు గ్రంథాలయరచనలో నున్నది. ఆ దోషము 1983నాటి 4.2 బీఎస్‌డీనుండి వచ్చుచున్నదని తేలినది. సుమారు ఇరువదియైదేండ్లు అది ఒక వ్యవస్థనుండి మఱొక వ్యవస్థకు వారసత్వముగా సంక్రమించినది. సాంబా రచయితలు ఆ వైకల్యమును ఎఱుగుదురు. దానిని తప్పించుకొను ఉపాయమును తమ రచనలో చేర్చుకొనియుండిరి. ఇచ్చట గమనింపదగినది ఇదియే. అడ్డదారి దొరికినవాడు అసలుదారి బాగుచేయుమని అడుగుట మానును. ఎందఱు తమతమ ఇండ్లలో అడ్డదారులు కల్పించుకొందురో అంతకాలము మూలదోషము సుఖముగా నుండును.

రెండవది మైఎస్‌క్యూఎల్ అను దత్తాంశ వ్యవస్థకు సంబంధించినది. ఒక పట్టికలోని వరుసను తొలగించినపుడు దానిపై ఆధారపడిన మఱొక పట్టికలోని వరుసలు తమంతట తొలగునట్లు నియమింపవచ్చును. ఏదైన మార్పు జరిగినపుడు ఒక చిన్నపని తానుగా జరుగునట్లు ట్రిగ్గరును కూడ ఏర్పఱుపవచ్చును. కాని మొదటివిధముగా తొలగిన వరుసలకు ట్రిగ్గరులు పలుకవని 2005లో నివేదింపబడినది. సంఖ్య 11472 గల ఆ నివేదనము పదునైదేండ్లకు మించి తెఱచియే యుండెను. వాడుకరులు ఏటేట దానికి పుట్టినరోజు శుభాకాంక్షలు వ్రాయుట ఒక వేడుకగా మాఱినది. ఆలస్యమునకు లోతైన కారణము కలదు. ఆధారపడిన వరుసలను తొలగించు పని లోపలి నిల్వయంత్రాంగమున జరుగుచుండెను. ట్రిగ్గరులు పైపొరలో నుండును. లోపల జరిగినది పైపొరకు తెలియకుండెను. ఒక పంక్తి దిద్దిన తీరునది కాదు, ఇంటి పునాదిని కదల్పవలసినది. ఇట్టి నివేదనమునకు నూఱు జ్ఞాపికలు వ్రాసినను ఫలము స్వల్పము. దోషము తెలిసినవారు తమ రచనను దానికి తగినట్లు మలచుకొనుటకు మాత్రము ఆ బహిరంగ నివేదనము ఉపకరించినది.

మొదటి ఉదాహరణమున మూలమువఱకు వెంబడించినవాడు లేక దోషము నిలిచినది. రెండవదానియందు అందఱును చూచుచుండగనే, పని పెద్దదగుటచే నిలిచినది. పునర్విచారణ చేయువాడు తన చేతిలోని నివేదనము ఏ తెగకు చెందినదో ముందుగా నిర్ణయింపవలెను.

5. పునర్విచారణ క్రమము

పాతనివేదనమును చేపట్టినవాడు మొదట దానిని ఆద్యంతము చదువవలెను. జవాబు నడుమనే యుండి, చదువరులు దాటిపోవుట తఱచుగా జరుగుచున్నది. పిమ్మట అదే దోషముపై వేఱు నివేదనములు కలవేమో వెదకవలెను. ఒకే దోషము పదిచోట్ల పది పేర్లతో నుండుట కలదు. వానిని ఒకదానితో నొకటి ముడిపెట్టి, ఇవియన్నియు ఒకటియే యని చూపుటయే నిర్వాహకునకు గొప్ప సాయము.

తరువాతి మెట్టు తాజాకూర్పున పరీక్షించుట. పాతనివేదనములలో కొన్ని, వేఱొక మార్పువలన ఎప్పుడో సవరింపబడియు, పట్టికలో మాత్రము తెఱచియుండును. అట్టిదానిని పరీక్షించి, ఫలానా కూర్పున దోషము కనబడుట లేదని వ్రాసినచో నిర్వాహకుడు నిమిషములో మూయగలడు. దోషము ఇంకను కలదని తేలినచో కూర్పుసంఖ్యతో ఆ సంగతి వ్రాయవలెను. ఆ ఒక్క వాక్యము నివేదనమునకు మరల ఆయువు పోయును.

మూడవ మెట్టు దోషమును సూక్ష్మీకరించుట. నూఱుపుటల పత్రములో దోషము కనబడినచో అందు సగము తీసివేసి చూడవలెను. ఇంకను కనబడినచో మరల సగము. ఇట్లు తగ్గించి ఒక్క పదముతో, ఒక్క అక్షరముతో దోషము కనబడునట్లు చేయగలిగిన, కారణము దాదాపు చేతికి చిక్కినట్లే.

పూర్వము సరిగా నుండి ఇటీవల చెడినదైనచో మఱొక ఉపాయము కలదు. గిట్ అను సాధనమున బైసెక్ట్ అను ఆజ్ఞ యున్నది. మంచికూర్పునకును చెడ్డకూర్పునకును నడుమ వేయి మార్పులు జరిగియున్నవనుకొందము. సరిగా నడిమిదానిని పరీక్షించి, చెడు ఏ సగమున నున్నదో తెలిసికొని, ఆ సగమును మరల సగము చేయుచు పోయినచో సుమారు పది పరీక్షలలో దోషము తెచ్చిన మార్పు బయటపడును. ఈ పనికి మూలరచన అర్థము కానక్కఱలేదు. ఓర్పు చాలును.

అటుపిమ్మట జ్ఞాపిక. నాకును ఇట్లే యున్నది అను మాటవలన పట్టికను అనుసరించు వారికెల్లరకు ఉత్తరము పోవుటయే గాని పని కదలదు. ప్రాజెక్టుల నిర్వాహకులు పలువురు 2016 జనవరిలో గిట్‌హబ్‌నకు బహిరంగలేఖ వ్రాసి ఇట్టి వ్యాఖ్యలవలని బాధను విన్నవించిరి. ఆ ఏటనే మాటలులేని చిన్నగుర్తులతో సమ్మతి తెలుపు వీలు ఏర్పడినది. జ్ఞాపికలో కొత్తసంగతి యొకటియైన నుండవలెను. తాజాకూర్పున పరీక్షాఫలితమో, సూక్ష్మీకరించిన ఉదాహరణమో, దోషము తెచ్చిన మార్పుయొక్క గుర్తో అందు చేరినపుడే అది చదువదగినదగును. సవరణము వ్రాయగలవారు దానితోపాటు, ఆ దోషము మరల తలయెత్తినచో పట్టియిచ్చు పరీక్షను కూడ చేర్చుట మేలు.

నిర్వాహకుడే కనబడనిచో ఏమి చేయవలెను? డెబియన్‌వారు దీనికి మర్యాదతో కూడిన నియమములను ఏర్పఱచుకొనిరి. ఒక మూట నిర్వాహకుడు పలుకకయున్నచో వేఱొక సభ్యుడు, ముందుగా తెలియజేసి, గడువు నిచ్చి, సవరించిన కూర్పును ఎక్కింపవచ్చును. విడిచిపెట్టబడిన మూటలను అనాథలని ప్రకటించి కొత్త పోషకులను వెదకుదురు. దోషములను దిద్దుటకే సభ్యులు ఒకచోట గుమిగూడి రెండు మూడు దినములు పనిచేయు సమావేశములును వారిలో వాడుక.

భద్రతకు భంగము కలిగించు దోషములు వీనినుండి వేఱు. వానిని మొదట రహస్యముగా నిర్వాహకులకే తెలుపవలెను. గూగుల్‌వారి ప్రాజెక్ట్ జీరో అను బృందము సాధారణముగా 90 దినముల గడువు పాటించుట ప్రసిద్ధము. గడువు లేని రహస్యము మరుగునకు దారితీయును. గడువు లేకయే బయటపెట్టుట దొంగకు తాళపుచెవి నిచ్చుట యగును.

6. తెలుగులిపికి సంబంధించిన నివేదనములు

తెరపై తెలుగు అక్షరము కనబడుటకు ముందు మూడుచోట్ల పని జరుగును. స్త్రీ అను అక్షరము చూచుటకు ఒకటి. యంత్రములో మాత్రము స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమగు ఈకారము అను ఆఱు సంకేతముల వరుస. ఈ వరుసను చూచి, ఏది ఒత్తుగా మాఱవలెనో, గుడిదీర్ఘము ఎచ్చట చేరవలెనో నిర్ణయించునది అక్షరవిన్యాస యంత్రాంగము. ఓపెన్ సోర్స్ లోకమున ఈ పని చేయునది ప్రధానముగా హార్ఫ్‌బజ్. తగిన రూపములను అందించునది ఫాంటు. పంక్తి విఱచుట, తుడుపుమీట నొక్కినపుడు ఎంత చెరుగవలెనో నిర్ణయించుట, ఒక ఫాంటులో లేని అక్షరమునకు మఱొక ఫాంటును వెదకుట మొదలగునవి వ్రాతసాధనముయొక్క పనులు.

తెలుగు నివేదనములు మరుగుపడుటకు ముఖ్యకారణము ఈ మూడింటి భేదము తెలియకపోవుటయే. ఒత్తు తప్పినదని లిబ్రెఆఫీసువారికి వ్రాసిన, దోషము ఫాంటులో నుండవచ్చును. వారు తమది కాదందురు. ఫాంటుకర్తకు ఆ సంగతి ఎన్నటికిని తెలియదు. భేదము కనిపెట్టుట కష్టము కాదు. అదే పదమును అదే సాధనమున వేఱు ఫాంటుతో చూడవలెను. దోషము పోయినచో మొదటి ఫాంటును అనుమానింపవలెను. ఏ ఫాంటుతోనైనను, ఫైర్‌ఫాక్సునందును లిబ్రెఆఫీసునందును సమానముగా కనబడినచో హార్ఫ్‌బజ్‌ను పరిశీలింపవలెను. 2017లో వెలువడిన 5.3 కూర్పునుండి లిబ్రెఆఫీసు అన్ని వేదికలపైనను హార్ఫ్‌బజ్‌నే ఆశ్రయించినది గనుక ఈ పోలిక మఱింత సులభమైనది. ఒక్క సాధనముననే కనబడినచో దోషము ఆ సాధనమునదే యగుట మెండు.

యూనికోడు కాలక్రమమును కూడ గమనింపవలెను. ప్రాచీనశాసనములలోని ఴ అను అక్షరమునకు 2014లో, యూనికోడు 7.0 కూర్పున, సంకేతము లభించినది. నకారపొల్లునకు 2021లో 14.0 కూర్పున లభించినది. అంతకు పూర్వము రచింపబడి, పిమ్మట సవరింపబడని ఫాంటులలో ఇవి డొల్లపెట్టెలుగా కనబడును. శాసనపాఠములు ప్రకటించువారు దీనిని దోషమని వ్రాయక, ఫలానా అక్షరరూపమును చేర్పవలెనని ఫాంటుకర్తలను కోరుట యుక్తము.

కంటికి కనబడని సంకేతములును కలవు. సాఫ్ట్‌వేరు అను మాటలో టకారముక్రింద వకారపు ఒత్తు రాకుండుటకు వాని నడుమ వెడల్పులేని ఒక విభాజకమును ఉంచుదురు. ఒక సాధనమునుండి మఱొకదానికి తరలించునపుడు అది జారిపోయినచో సాఫ్ట్వేరు అని పడును. చూచువాడు ఫాంటు చెడినదనుకొనును. కావున నివేదనములో బొమ్మ మాత్రము చాలదు. వ్రాతను వ్రాతగనే ఉంచి, సంకేతముల వరుసను విడివిడిగా చూపి, తప్పురూపము ప్రక్కన ఒప్పురూపమును ఉంచి, ఏ గుర్తు ఎచ్చట నుండవలెనో తెలుగు రానివానికి సైతము బోధపడునట్లు వివరింపవలెను. ఇట్టి వివరము లేని తెలుగు నివేదనమును చదివిన పరదేశపు నిర్వాహకుడు రెండు బొమ్మలకును భేదమే కానక దానిని ప్రక్కకు పెట్టినచో అతనిని నిందింపరాదు.

తెలుగునాటికి వెలుపలి ఆంధ్రులకు ఇచ్చట ఒక విశేషసౌలభ్యము కలదు. హార్ఫ్‌బజ్‌లో తెలుగు, కన్నడము, తమిళము, ఒరియా, దేవనాగరి లిపులను ఒకే విభాగము నిర్వహించుచున్నది. తెలుగునకును కన్నడమునకును ఒత్తుల పద్ధతి మిక్కిలి సన్నిహితము. కర్ణాటకమునందలి ఆంధ్రుడు ఒక దోషమును రెండు లిపులలోను పరీక్షింపగలడు. బరంపురమువాడు ఒరియాతో పోల్చగలడు. దోషము ఒక లిపికే పరిమితమా, విభాగమంతటికి చెందినదా అను ప్రశ్నకు వారు తేలికగా జవాబు చెప్పగలరు. రెండు భాషల వాడుకరులు కలిసి సాక్ష్యమిచ్చిన నివేదనము ఒంటరిదానికంటె బలమైనది.

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. ఆపిల్‌వారి ఐఫోనులలో జ్ఞా అను అక్షరపు సంకేతముల నడుమ పైన చెప్పిన కనబడని విభాజకము చేరిన వరుస వచ్చినచో సందేశములు చూపు సాధనములు కుప్పకూలుచుండెను. వార్త ప్రపంచమంతట వ్యాపించినది. ఆ నెల 19వ తేదీన 11.2.6 కూర్పుతో ఆ దోషము తొలగింపబడినది. అది మూలరచన దాచబడిన వ్యవస్థ గనుక వాడుకరులు వేచియుండుట తప్ప చేయగలిగినది లేకుండెను. తెలుగు ఎఱుగనివారికి సైతము నష్టము కలిగినందున అది త్వరగా దిద్దబడినది. తెలుగువారికి మాత్రమే కనబడు చిన్నదోషములకు అట్టి కోలాహలము పుట్టదు. ఓపెన్ సోర్స్ ఫాంటులోని ఒత్తుదోషము దిద్దబడుటకు కావలసినది కోలాహలము కాదు, దానిని విడువక వెంబడించు ఒక్క మనుష్యుడు.

7. వెంబడించుటలోని హద్దు

వెంబడించుటకును వేధించుటకును గల భేదమును 2024లో జరిగిన ఒక ఘటన లోకమునకు చూపినది. ఎక్స్‌జెడ్ అను కుదింపుసాధనమును లాస్సే కాలిన్ అను నాతడు చాలకాలము దాదాపు ఒంటరిగా పోషించెను. 2022లో కొన్ని పేర్లతో ఉత్తరములు వచ్చి, సవరణములు కదలుట లేదనియు, మఱొక నిర్వాహకుని చేర్చుకొనవలెననియు ఒత్తిడి చేసినవి. తన మానసికారోగ్యము సరిగా లేదనియు, ఇది జీతములేని తీరికవేళల పనియనియు ఆతడు చెప్పుకొనెను. జియా టాన్ అను పేరుగలవాడు క్రమముగా సహనిర్వాహకుడయ్యెను. 2024లో 5.6.0, 5.6.1 కూర్పులలో రహస్యద్వారము చేర్పబడినది. ఆ ఒత్తిడి ఉత్తరములు కల్పితనామములతో వ్రాయబడినవని పరిశీలకులు అనంతరము భావించిరి. మరుగుపడిన నివేదనములపై గల న్యాయమైన అసంతృప్తియే ఇచ్చట ఆయుధమైనది.

ఆ ద్వారము బయటపడిన తీరును గమనింపదగినదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను పోస్ట్‌గ్రెస్ రచయితకు, దూరయంత్రములోనికి ప్రవేశించునపుడు సుమారు అరసెకను ఆలస్యమగుట కనబడెను. ఎవ్వరును పట్టించుకొనని ఆ అరసెకను ఎందుల కని వెదకుచు పోయి, 2024 మార్చి 29న ఆతడు రహస్యమును వెల్లడించెను. అలసిన నిర్వాహకునిపై వేసిన ఒత్తిడి ద్వారమును తెఱచినది. సాక్ష్యమును ఓర్పుతో వెంబడించిన శ్రద్ధ దానిని మూసినది.

కావున జ్ఞాపిక వ్రాయువాడు ఎదుటివాడు కూలివాడు కాడని తలంపవలెను. రెండు మూడు మాసములకు ఒకమారు, కొత్తసంగతితో, మర్యాదగా వ్రాయుట చాలును. సవరింపజాలమని చెప్పినచో ఆ మాటను గౌరవించి, మూలరచన తెఱచియున్నది గనుక తానైనను, తనకు తెలిసినవాడైనను దిద్దుటకు పూనుకొనవచ్చును. పక్షములు రెండును అలిగి విడిపోయినచో నష్టపడునది దోషముతో కాలము గడుపు వాడుకరి.

8. ఉపసంహారము

చూచువారి సంఖ్య పెరిగినకొలది దోషములు తేలికగా తేలునని ఎరిక్ రేమండ్ 1997లో ప్రతిపాదించెను. పై ఉదాహరణములను పరిశీలించిన, చూచుట ఒక్కటి చాలదని తెలియుచున్నది. చూచినవాడు నివేదింపవలెను. నివేదించినది చేరవలసినవానికి చేరవలెను. చేరినది ఆగిపోయినచో మఱొకడు దానిని ఎత్తుకొనవలెను. ఈ మూడవపని చేయుటకు గొప్ప పాండిత్యముకాని, రచనానైపుణ్యముకాని అవసరము లేదు. భాష తెలిసిన కన్ను, నాలుగు వివరములు వ్రాయు ఓర్పు ఉన్నచో చాలును.

ఆంధ్రసంఘములు తమ వార్షికోత్సవములలో నాటకములకును కవితాగోష్ఠులకును ఒక్కొక పూట కేటాయించుట వాడుక. అట్లే ఒక పూట విద్యార్థులను కూర్చుండబెట్టి, తెలుగు ఫాంటులపైనను వ్రాతసాధనములపైనను జవాబులేక యున్న నివేదనములను ఒక్కొక్కటిగా తెఱచి, తాజాకూర్పున పరీక్షించి, ఫలితము వ్రాయించుట సాధ్యము. పది నివేదనములు పరీక్షింపబడి, అందు నాలుగు ఇదివఱకే దిద్దబడినవని తేలి మూయబడినను, మిగిలిన ఆఱింటికి స్పష్టమైన ఉదాహరణములు చేరినను, ఆ పూట సార్థకమే. షోలాపురములో ఒక బాలుడు వ్రాసిన పరీక్షాఫలితమువలన సవరింపబడిన ఒత్తు, ఆ ఫాంటుయొక్క తరువాతి కూర్పుతో తెలుగు వ్రాయు ప్రతియింటికిని చేరును.